వెండి గీత వెనుక లెక్క: కండక్టివ్ ఇంక్ ఎంచుకోవడం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేస్తాను. ఈ మైక్రోస్కోప్ కింద పాలియెస్టర్ ఫిల్మ్ ముక్క ఒకటి ఉంది. దాని మీద సిల్వర్ ఇంక్‌తో ప్రింట్ చేసిన రెండు గీతలున్నాయి, పక్కపక్కనే. మధ్యలో ఖాళీ అర మిల్లీమీటరు. ఆ ఖాళీలో ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేస్తున్నాను. రెండు గీతలకీ 5 వోల్టుల డీసీ ఇస్తున్నాను, దారిలో ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి. తెర మీద అందరికీ కనిపిస్తోంది కదా? సరే, దాన్ని అలా వదిలేద్దాం. మనం మాట్లాడుకుందాం, ఒక కన్ను మాత్రం అటు వేసి ఉంచండి.

కరెంటు పోనిచ్చే ఇంక్‌తో, అంటే కండక్టివ్ ఇంక్‌తో, సర్క్యూట్లు ప్రింట్ చేసే ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ ఇంక్ మంచిది?" దానికి నేను జవాబు చెప్పను, తిరిగి నాలుగు ప్రశ్నలు అడుగుతాను. దేని మీద ప్రింట్ చేస్తున్నారు? అది ఎంత వేడికి ఓర్చుకుంటుంది? గీతలో ఎంత కరెంటు పోవాలి? వాడే మనిషి చేతిలో దానికి ఏం జరుగుతుంది, వంచుతారా, తడుపుతారా, నొక్కుతారా? ఈ నాలుగింటికీ జవాబులు వచ్చేసరికి ఇంకుల పట్టికలో మిగిలేవి రెండో మూడో ఉంటాయి. ఇంక్ పేరు చివర అడగాల్సిన ప్రశ్న. మనం దాన్ని మొదట అడిగి, ఆ తర్వాత మిగతావన్నీ దానికి సర్దలేక ఇబ్బంది పడుతున్నాం.

ముందు ఇంక్ అంటే ఏమిటో చూద్దాం. సిల్వర్ ఇంక్ డబ్బా మీద వెండి అని రాసి ఉంటుంది కాబట్టి గీతలో ఉండేది వెండే అనుకుంటాం. చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్టు, వెండి పేరుతో మనకు అందేది వెండి పొలుసులు, ప్లాస్టిక్ జిగురు, సాల్వెంట్ కలిసిన ముద్ద. ఓవెన్‌లో సాల్వెంట్ ఎగిరిపోతుంది, జిగురు గట్టిపడుతుంది. ఆరిన గీతను మైక్రోస్కోప్‌లో చూస్తే చేప పొలుసులు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు కనిపిస్తుంది. కరెంటు ఒక పొలుసు నుంచి ఇంకో పొలుసుకు, అవి తాకిన చోట మాత్రమే దాటుతుంది. ప్రతి తాకిడి దగ్గరా కొంత నిరోధం. పొలుసు లోపల వెండి ఎంత స్వచ్ఛమైనదైనా ఆ తాకిడి సరిగ్గా లేకపోతే లాభం లేదు. క్యూరింగ్, అంటే ఇలా ఓవెన్‌లో గట్టిపరచడం, చేసే అసలు పని అదే: జిగురు కుంచించుకుంటూ పొలుసులను ఒకదానికొకటి అదమడం.

ఒక లెక్క చేసి చూపిస్తాను. ఆరిన గీతలో బరువు ప్రకారం 90 శాతం వెండి, 10 శాతం ప్లాస్టిక్ ఉందనుకోండి. వినడానికి అంతా వెండే అన్నట్టుంది. కానీ వెండి సాంద్రత సుమారు 10.5, ప్లాస్టిక్‌ది 1.1 వేసుకుందాం. 90ని 10.5తో భాగిస్తే 8.6. 10ని 1.1తో భాగిస్తే 9.1. అంటే చోటు లెక్కన చూస్తే ఆ గీతలో సగానికి పైగా ప్లాస్టిక్కే! డేటా షీట్‌లో, అంటే ఇంక్ తయారీదారు ఇచ్చే వివరాల కాగితంలో, ఉండే ఘనపదార్థ శాతం చాలాసార్లు బరువు లెక్కే. కరెంటుకు కావాల్సింది చోటు లెక్క.

వెండిని ఇంకా తగ్గిస్తే నిరోధం నెమ్మదిగా పెరుగుతుందనుకుంటారు. అలా జరగదు. కొంతవరకు మెల్లగా పెరిగి, ఒక హద్దు దగ్గర ఉన్నట్టుండి తెగిపోతుంది, ఎందుకంటే ఈ చివర నుంచి ఆ చివరకు తాకుతూ వెళ్లే దారి ఒక్కటీ మిగలదు. గుండ్రటి రేణువులను ఇష్టం వచ్చినట్టు చల్లితే సిద్ధాంతం ప్రకారం ఆ హద్దు ఘనపరిమాణంలో సుమారు 16 శాతం. కార్బన్ నానోట్యూబుల్లాంటి పొడవాటి పోగులైతే ఒక శాతం లోపే దారి కుదురుతుంది. కంటెయినర్‌ను సరిగ్గా కలపకుండా వాడితే ఏమవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. వెండి బరువైనది, అడుక్కి దిగుతుంది. పైపై ఇంక్ తీసి ప్రింట్ చేసినవాళ్లు హద్దుకు దగ్గరగా ఉన్న ఇంక్ వాడినట్టు. అలాగే ఫ్రిజ్‌లోంచి తీసిన జార్‌ను గది ఉష్ణోగ్రతకు రాకముందే తెరవకండి, చెమ్మ పడుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మీ నోటుపుస్తకంలో దీన్ని మాత్రం తప్పకుండా రాసుకోండి. పలుచని పొర నిరోధాన్ని చదరాల్లో కొలుస్తాం. గీత పొడవును వెడల్పుతో భాగిస్తే ఎన్ని చదరాలో వస్తుంది. 200 మిల్లీమీటర్ల పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉన్న గీతలో 400 చదరాలు. ఒక చదరం నిరోధం తెలిస్తే 400తో గుణించడమే. ఆ ఒక చదరం నిరోధాన్నే షీట్ రెసిస్టెన్స్ అంటాం.

డేటా షీట్‌లో చదరానికి 15 మిల్లీఓమ్‌లు అని ఉందనుకోండి. 400తో గుణిస్తే 6 ఓమ్‌లు. బాగుందని ఆర్డర్ పెట్టేస్తారు. ప్రింట్ చేసి కొలిస్తే 15 ఓమ్‌లు వస్తుంది. ఇంక్ బాగాలేదని ఫోన్లు మొదలవుతాయి. తప్పు ఇంక్‌ది కాదు. డేటా షీట్‌లో అదే వరుసలో 25 మైక్రాన్ల మందానికి అని ఇంకో మాట ఉంటుంది. ఈ పరిశ్రమలో చాలామంది ఆ మందానికే లెక్క కట్టి చెబుతారు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఇంక్ దిగే జల్లెడ లాంటి మీ మెష్, ఇంక్‌ను దాని గుండా నెట్టే మీ స్క్వీజీ వదిలింది ఆరిన తర్వాత 10 మైక్రాన్లే అయితే, మందం తగ్గినంతగా నిరోధం పెరిగి చదరానికి 37.5 మిల్లీఓమ్‌లు. 400తో గుణించండి, సరిగ్గా 15 ఓమ్‌లు. మొదటి రోజే ఈ లెక్క వేసుకుని ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

ఇక ఆ 15 ఓమ్‌లు మంచివా చెడ్డవా? అదే ముఖ్యం. కీప్యాడ్‌లో స్విచ్ వెనకాల 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే 15 ఓమ్‌లు ఉన్నా లేనట్టే లెక్క. అక్కడ ఇంకా ఖరీదైన ఇంక్ వాడడం డబ్బు దండగ. అదే గీత ఒక ఎల్ఈడీకి 20 మిల్లీఆంపియర్లు మోస్తే 0.3 వోల్టులు దారిలోనే పోతాయి, సర్దుకోవచ్చు. 200 మిల్లీఆంపియర్లు మోస్తే 3 వోల్టులు పోతాయి, గీత వేడెక్కుతుంది. అక్కడ ఇంక్ మార్చే ముందు గీతను వెడల్పు చేయండి. వెడల్పు రెట్టింపు చేస్తే చదరాలు సగమవుతాయి. డ్రాయింగ్‌లో దొరికే పరిష్కారాన్ని డబ్బాలో వెతకకండి.

నానో సిల్వర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఘన వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కానీ పదుల నానోమీటర్ల రేణువులు చేస్తే 150 డిగ్రీల దగ్గరే, కొన్ని రకాలు ఇంకా తక్కువ వేడికే, ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మొదలుపెడతాయి. చిన్న రేణువులో ఉపరితలం మీదున్న అణువుల వాటా ఎక్కువ, అవి కదలడానికి సిద్ధంగా ఉంటాయి. పొలుసుల తాకిడి సమస్య ఇక్కడ చాలావరకు తీరిపోతుంది, నిరోధకత, అంటే గీత కొలతలతో పని లేకుండా ఆ పదార్థానికే ఉండే నిరోధ గుణం, ఘన వెండికి మూడు రెట్ల దాకా దిగివస్తుంది. ఇందాక చెప్పిన పొలుసుల ఇంక్ ఘన వెండికి సుమారు 23 రెట్లు. అంటే నానో ఇంక్ ఏడెనిమిది రెట్లు మెరుగు. ఇక ఆలోచించేదేముంది అనిపిస్తుంది.

కానీ నానో ఇంక్‌ను ఎక్కువగా ఇంక్‌జెట్‌తో ప్రింట్ చేస్తాం. నాజిల్ రంధ్రం పదుల మైక్రాన్లు మాత్రమే, ఇంక్ నీళ్లలా పలుచగా ఉండాలి, లోపల లోహం తక్కువగానే పట్టాలి. ఒక్కసారి ప్రింట్ చేస్తే ఆరిన మందం అర మైక్రాన్ ఉండొచ్చు. లెక్క వేయండి: చదరానికి సుమారు 96 మిల్లీఓమ్‌లు. మన 400 చదరాల గీతకు 38 ఓమ్‌లు! ఏడెనిమిది రెట్లు మెరుగైన ఇంక్‌తో వేసిన గీతకు రెండున్నర రెట్లు ఎక్కువ నిరోధం వచ్చింది. ఇంక్‌జెట్‌ను తక్కువ చేయడం లేదు. స్క్రీన్ తయారీ అక్కర్లేకుండా పొద్దున గీసిన డిజైన్‌ను సాయంత్రానికి చేతిలో పెడుతుంది, సన్నటి గీతలు ఇస్తుంది. ఆ లాభం కావాలంటే వాడండి. తక్కువ నిరోధకత అనే అంకె చూసి మాత్రం వాడకండి.

... అదిగో, తెర మీద చూడండి. ఎడమ వైపు గీత అంచున నల్లగా ఏదో మొలుస్తోంది. ఫెర్న్ ఆకులాగా కొమ్మ, కొమ్మకి ఉపకొమ్మ. అది ఎదుటి గీత వైపు పాకుతోంది. ఎడమ వైపుది నెగటివ్. ఇప్పుడే తాకబోతోంది... తాకింది. ఆమ్మీటర్ ముల్లు చూశారా?

దీన్ని సిల్వర్ మైగ్రేషన్ అంటారు. పాజిటివ్ గీత అంచున వెండి అయాన్లుగా మారి నీళ్లలో కలుస్తుంది. నెగటివ్ గీత దగ్గరకు పోయి మళ్లీ లోహంగా మారి పేరుకుంటుంది. పేరుకున్న కొనకి ఎదుటి గీత ఇంకా దగ్గరవుతుంది, అక్కడ విద్యుత్ క్షేత్రం బలపడుతుంది, అందుకే కొన ఇంకా వేగంగా సాగుతుంది. కావాల్సినవి మూడే: తేమ, డీసీ వోల్టేజీ, బయటపడి ఉన్న వెండి. ఇక్కడ నేను చుక్క నీళ్లు వేశాను కాబట్టి నిమిషాల్లో జరిగింది. గాలిలో తేమతో అయితే వారాలో నెలలో పడుతుంది. అంతే తేడా.

నాకు ఇది తెలిసిన తీరు చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక యంత్రానికి మెంబ్రేన్ కీప్యాడ్, అంటే పలుచని ఫిల్మ్ పొరలతో చేసిన బటన్ల పలక, డిజైన్ చేశాను. ల్యాబ్‌లో అన్ని పరీక్షలూ నెగ్గింది. పొడి గదిలో, ఏసీ కింద పెట్టి పరీక్షించాం మరి. కొన్ని నెలలకు ప్యాడ్‌లు తిరిగి రావడం మొదలైంది: ఎవరూ నొక్కకుండానే ఒక బటన్ నొక్కినట్టు చూపిస్తోంది, అదీ రోజూ కాదు, కొన్ని పూటలే. ల్యాబ్‌కు తెచ్చి ఆరబెట్టి కొలిస్తే అన్నీ సవ్యంగా ఉన్నాయి. రెండు వారాలు సాఫ్ట్‌వేర్ వాళ్లను అనుమానించాం. చివరికి ఒక ప్యాడ్ పొరలు విడదీసి లెన్స్ కింద పెడితే, కనెక్టర్ తోక దగ్గర, అంటే కీప్యాడ్ నుంచి కనెక్టర్‌లోకి వెళ్లే ఫిల్మ్ పట్టీ దగ్గర, పై పూత ఆగిపోయిన చోట, ఇప్పుడు మీరు చూసిన ఇదే ఆకు. తడి ఉన్నప్పుడు వంతెన కడుతోంది, ఎక్కువ కరెంటు పోగానే తెగిపోతోంది. ఇంక్‌లో లోపం లేదు. నిరోధం తక్కువని దాన్ని ఎంచుకున్నాను, ఆ గీతల మధ్య ఎప్పుడూ వోల్టేజీ నిలిచి ఉంటుందనీ, ఆ యంత్రం తడి చోట ఉంటుందనీ ఆలోచించలేదు. ఆ ప్యాడ్‌లు వాడినవాళ్లకు నేను అలాంటి వస్తువు ఇచ్చానే అని ఇప్పటికీ బాధ కలుగుతుంది.

దీనికి విరుగుడు ఉంది. బయటపడే వెండి మీద, ముఖ్యంగా తోక దగ్గర, కార్బన్ ఇంక్ పొర కప్పండి. గీత కంటే కొంచెం వెడల్పుగా, అంచులు కూడా మునిగేలా. అది మైగ్రేషన్‌ను పూర్తిగా ఆపకపోయినా బాగా ఆలస్యం చేస్తుంది, కనెక్టర్ గీసుకున్నా వెండి అరగదు. మిగతా చోట్ల ఇన్సులేటింగ్ పూత వేయండి, వేసేది రెండు పొరలుగా వేయండి, ఒక పొరలో సూదిమొన రంధ్రాలుంటే రెండోది మూస్తుంది. గీతల మధ్య ఖాళీ పెంచండి. సర్క్యూట్ వాళ్లతో కూర్చుని గీతలకు నిలకడగా డీసీ ఉండకుండా, బటన్ నొక్కారో లేదో సర్క్యూట్ చూసే క్షణం మాత్రమే వోల్టేజీ ఇచ్చేలా చూడండి. ఖర్చు లేని మందు అదే.

కార్బన్ మాట వచ్చింది కాబట్టి, దాన్ని చిన్నచూపు చూడకండి. 25 మైక్రాన్ల మందానికి చదరానికి పదుల ఓమ్‌లు ఉంటుంది, వెండికి సుమారు వెయ్యి రెట్లు, అంతకు మించి కూడా. పొడవాటి గీతలకు పనికిరాదు. కానీ తుప్పు పట్టదు, మైగ్రేట్ అవ్వదు, అరుగుదలకు తట్టుకుంటుంది. గ్లూకోజ్ పరీక్ష పట్టీల్లో కొలిచే ఎలక్ట్రోడ్ కార్బన్‌తో చేసే రకాలు చాలా ఉన్నాయి, ఎందుకంటే అక్కడ కావాల్సింది నిరోధం తక్కువ కావడం కాదు, రసాయనాల మధ్య బుద్ధిగా ఉండడం. పక్కనే, పోల్చి కొలవడానికి నిలకడగా ఉండే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌గా సిల్వర్, సిల్వర్ క్లోరైడ్ కలిపిన ఇంక్ వేస్తారు. ఈసీజీ ప్యాడ్‌ల్లోనూ ఆ జంటే. అక్కడ మామూలు సిల్వర్ ఇంక్ పెడితే నిరోధం చక్కగా ఉంటుంది, సిగ్నల్ మాత్రం నిలకడగా ఉండదు.

రాగి సంగతి? ఘన రూపంలో రాగి నిరోధకత వెండికి దాదాపు సమానం, మైక్రో ఓమ్-సెంటీమీటర్లలో 1.68కి 1.59, అంతే తేడా. చవక. అయినా వెండే ఎందుకు రాజ్యమేలుతోందంటే, రాగి రేణువు గాలి తగలగానే ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది, ఆ పొర కరెంటును దాటనివ్వదు. తాకిడి దగ్గరే అంతా జరుగుతుందని చెప్పాను కదా, అక్కడే గోడ కట్టేస్తుంది. జినాన్ ఫ్లాష్ ల్యాంప్‌తో మిల్లీసెకన్లలో వేడిచేసి, ఆక్సైడ్ పెరిగే సమయం ఇవ్వకుండా రేణువులను అతికించే పద్ధతి ఉంది. కింద ఉన్న ప్లాస్టిక్‌కు వేడెక్కేంత సమయం కూడా దొరకదు. ఆ యంత్రం మీ దగ్గర ఉంటే రాగి గురించి ఆలోచించండి, మామూలు ఓవెన్ మాత్రమే ఉంటే వద్దు. పెడాట్ అనే పాలిమర్ ఇంక్ పారదర్శకంగా ఉంటుంది, వెనకాల వెలుతురు కనిపించాల్సిన టచ్ బటన్లకు చక్కగా పనికొస్తుంది, అతినీలలోహిత కిరణాలకు, తేమకు మాత్రం అంతగా ఆగదు.

వేడి విషయానికి వద్దాం. మామూలు పాలియెస్టర్ ఫిల్మ్ 75 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడడం మొదలుపెడుతుంది. క్యూరింగ్‌కు 130 కావాలంటే ఫిల్మ్ కుంచించుకుంటుంది. ఒక్క శాతం కుంచించుకున్నా 300 మిల్లీమీటర్ల షీట్ 3 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది, రెండో పొర గురి తప్పుతుంది. అందుకని కొందరు వేడి తగ్గిస్తారు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అప్పుడు జిగురు సరిగ్గా గట్టిపడదు, సాల్వెంట్ లోపలే ఉండిపోతుంది. మొదట నిరోధం బాగానే కనిపిస్తుంది, తర్వాత రోజురోజుకూ మారుతుంది, పై పూత వేస్తే బుడగలు లేస్తాయి. ఫిల్మ్‌నే ముందుగా ప్రింట్ లేకుండా ఓవెన్‌లో పెట్టి, కుంచించుకోవాల్సినంత కుంచించుకోనిచ్చి, ఆ తర్వాత ప్రింట్ చేయడం మంచి పద్ధతి. పాలీఇమైడ్ ఫిల్మ్ అయితే 300 డిగ్రీలు దాటినా చలించదు, ఖరీదు మాత్రం ఎక్కువ. క్యూరింగ్ అయ్యిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసేది తేలిక: కొలిచిన నమూనాను మళ్లీ ఓవెన్‌లో అదే వేడికి, అంతే సేపు పెట్టి కొలుస్తాను. నిరోధం ఇంకా బాగా తగ్గిందంటే మొదటిసారి పచ్చిగానే బయటకు తీశానన్నమాట.

కొలవడం గురించి ఒక్క మాట. మామూలు మల్టీమీటర్ రెండు మొనలతో ఓమ్ కంటే తక్కువ నిరోధాన్ని కొలవకండి. తీగలు, మొనలు తాకిన చోటు, ఇవన్నీ అంకెలో కలుస్తాయి. నాలుగు తీగల పద్ధతి వాడండి: రెండింటి ద్వారా కరెంటు, వేరే రెండింటి ద్వారా వోల్టేజీ. ఇంకోటి, ప్రింట్ చేసిన గీత మీద సోల్డర్ చేయాలని చూడకండి. పొలుసుల మధ్య ఉన్న ప్లాస్టిక్ మాడిపోతుంది, కరిగిన తగరం వెండిని తనలోకి లాగేసుకుంటుంది. కరెంటు పోనిచ్చే జిగురు కానీ, నొక్కి పట్టే కనెక్టర్ కానీ వాడాలి.

వంపు గురించి అడుగుతారని తెలుసు. ఫిల్మ్‌ను వంచినప్పుడు బయటి వైపున్న గీత ఎంత సాగుతుందో సుమారుగా చెప్పడం తేలిక: ఫిల్మ్ మందాన్ని వంపు వ్యాసార్థానికి రెట్టింపుతో భాగించండి. 125 మైక్రాన్ల ఫిల్మ్‌ను 5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో వంచితే గీత 1.25 శాతం సాగుతుంది. అదే 50 మైక్రాన్ల ఫిల్మ్ అయితే అర శాతమే. ఫ్లెక్సిబుల్ ఇంక్ కోసం ఎక్కువ డబ్బు పెట్టే ముందు పలుచని ఫిల్మ్ పెట్టి చూడండి. వీలైతే ఇంక్ ఉన్న వైపు లోపలికి మడత పడేలా డిజైన్ చేయండి, గీత సాగే బదులు నొక్కుకుంటుంది, అది దానికి నయం. మెత్తని జిగురులో ఉన్న పొలుసులు ఒకదాని మీద ఒకటి జారి సర్దుకుంటాయి. నానో ఇంక్ పొర గట్టి లోహంలా అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి పగుళ్లు ఇచ్చే అవకాశం ఎక్కువ. ఇక్కడ కూడా తక్కువ నిరోధకత ఉన్నదే ముందు ఓడిపోవచ్చు.

బట్ట మీద, చర్మం మీద వేసే సాగే గీతల సంగతి వేరు. అక్కడ సాగుడు పదుల శాతాల్లో ఉంటుంది, పాలీయురెథేన్‌లో కలిపిన వెండి పొలుసులు వాడతారు, సాగినప్పుడు నిరోధం పెరుగుతుందని ముందే ఒప్పుకుని సర్క్యూట్ డిజైన్ చేస్తారు.

ఇక చివరగా, సప్లయర్‌ను నమూనా అడిగేటప్పుడు ఏం అడగాలో చెబుతాను. మూడు ఇంకులు తెప్పించుకోండి, ఒకటి కాదు. మూడింటినీ మీ ఫిల్మ్ మీద, మీ స్క్రీన్‌తో, మీ ఓవెన్‌లో ప్రింట్ చేయండి. మందం కొలిచి, చదరం నిరోధం కొలిచి, టేపు అంటించి లాగి చూడండి, ఎంత ఊడి వస్తుందో. ఆ తర్వాత కొన్ని ముక్కలను 85 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న ఛాంబర్‌లో పెట్టండి. వట్టిగా పెట్టకండి, పక్కపక్క గీతల మధ్య మీ యంత్రం నిజంగా ఇచ్చే వోల్టేజీ ఇచ్చి పెట్టండి. నా కీప్యాడ్‌కు నేను చేయని పరీక్ష అదొక్కటే.

ఇదిగో, రెండో ముక్క తెచ్చాను. అదే వెండి, అదే అర మిల్లీమీటరు ఖాళీ, మీద కార్బన్ పొర ఉంది. చుక్క వేస్తున్నాను, 5 వోల్టులు ఇస్తున్నాను. మీ ప్రశ్నలు మొదలుపెట్టండి, ఈలోగా ఇది ఎంతసేపు ఆగుతుందో చూద్దాం.